బోరు నీళ్లలో కుంకుడుకాయ లిక్విడ్: చాలా కాలం వాడిన తర్వాత

అనంతపురంలో మా ఇంట్లో బట్టలన్నీ బోరు నీళ్లతోనే ఉతుకుతాము. పీఏబీఆర్ (పెన్నా అహోబిలం జలాశయం) నుంచి వచ్చే కొళాయి నీరు వంటకూ తాగడానికీ సరిపోతుందే తప్ప బట్టల దాకా రాదు. బకెట్ల అంచున తెల్లగా పేరుకునే పొరను చూస్తే ఆ బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతగా ఉన్నాయో తెలుస్తుంది. సహజమైన డిటర్జెంటు కావాలి, ఉతికిన బట్టకు మంచి వాసన ఉండాలి అని కోరుకునేవారు ముందుగా చూసుకోవలసినది తమ ఇంటి నీటినే అని నా అభిప్రాయం. సీసా మూత తీయగానే వచ్చే పరిమళం ఎంత బాగున్నా, ఆరిన తువ్వాలుకు ఏ వాసన మిగలాలో తేల్చేది ఆ నీరే.

మొదట్లో కొబ్బరినూనె సబ్బుతో చేసిన ఒక పొడిని వాడాము. లావెండర్ వాసన నిజంగానే హాయిగా ఉండేది. అయితే సబ్బు ఉప్పునీటిలోని కాల్షియంతో కలిస్తే కరగని తెట్టుగా మారుతుంది. ఆ తెట్టు ఒంటి జిడ్డుతో సహా నూలు పోగుల్లో ఉండిపోయి తువ్వాళ్లు అప్పడాల్లా బిరుసెక్కాయి. ఆరేసినప్పుడు లావెండర్ వాసనే వచ్చేది గానీ, ఒళ్లు తుడుచుకోగానే ముక్క వాసన బయటపడేది. అప్పటినుంచి ఏ డిటర్జెంటునైనా నేను ఒకే విధంగా పరీక్షిస్తున్నాను: బాగా ఆరిన తువ్వాలు కొసను మంచినీటితో తడిపి, కాసేపు గుప్పిట్లో ఉంచి, ముక్కు దగ్గర పెట్టుకుంటాను. లోపల జిడ్డు మిగిలి ఉంటే ఏ పరిమళమూ దాన్ని దాచలేదు.

ఇప్పుడు వాడుతున్నది కుంకుడుకాయ సారం, డెసైల్ గ్లూకోసైడ్, సోడియం సిట్రేట్ కలిపిన లిక్విడ్. వాసనకు నిమ్మగడ్డి నూనె, వట్టివేరు నూనె వేశారు. కుంకుడులో నురుగునిచ్చే సపోనిన్లు సబ్బులాగా కాల్షియంతో తెట్టు కట్టవు. అయితే ఒక్క కుంకుడే నూనె మరకలను వదిలించలేదు. ఆ పని చేసేది కొబ్బరినూనె నుంచి తీసిన ఫాటీ ఆల్కహాల్, గ్లూకోజ్ కలిపి తయారుచేసే డెసైల్ గ్లూకోసైడ్. సిట్రేట్ నీటిలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. లేబుల్ మీద నేను ముందుగా వెతికేది దాని పేరే. ఉగాదికి ఓళిగల మీది నెయ్యి పడిన లంగాకు ఈ లిక్విడ్‌ను నీళ్లు కలపకుండా రుద్ది, పావుగంట ఆగి ఉతికితే జిడ్డు పూర్తిగా పోయింది. మిగిలిన పసుపు మరకను ఎండే చూసుకుంది. తెల్ల పంచెలు మాత్రం పౌడరుతో ఉతికినంత మెరవవు, ఎందుకంటే ఆ మెరుపు చాలావరకు బట్టకు నీలి ఛాయనిచ్చే బ్రైటెనర్లది, ఇందులో అవి లేవు. మా ఇంట్లో పెద్దవారికి ఈ విషయంలో అసంతృప్తి ఉంది, దానికి నా దగ్గర సమాధానం లేదు.

వాసన విషయానికి వస్తే, నానబెట్టేటప్పుడు నిమ్మగడ్డి ఘాటుగా తెలుస్తుంది, జాడించేసరికి సగం పోతుంది, మే నెల ఎండలో మిద్దె మీద ఆరేస్తే మిగతాదీ ఎగిరిపోతుంది. వట్టివేరు బరువైన నూనె కాబట్టి, నీడలో ఆరిన బట్టకు ఒకటి రెండు రోజులు సన్నగా అంటిపెట్టుకుని ఉంటుంది. బీరువా తెరిచినప్పుడల్లా గుప్పుమనాలి అనుకునేవారికి ఇది నచ్చదు. కొన్ని మామూలు డిటర్జెంట్లు, కండిషనర్లలో బట్టకు అతుక్కుని, రాపిడికి పగిలి పరిమళాన్ని వదిలే సూక్ష్మమైన గుళికలు ఉంటాయి. నూనెలు ఆ పని చేయలేవు. నాకైతే ఈ మాత్రం వాసనే సుఖంగా ఉంది.

సహజమైన నూనె కాబట్టి చర్మానికి ఏమీ కాదని మాత్రం అనుకోకూడదు. లావెండర్‌లోని లినలూల్, నిమ్మతొక్క నూనెలోని లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే కొందరికి దద్దుర్లు తెస్తాయి. నిమ్మగడ్డిలోని సిట్రాల్ కూడా కొందరికి పడదు. యూరప్‌లో ఇటువంటి పరిమళ పదార్థాలు డిటర్జెంటులో 0.01 శాతం మించితే వాటి పేర్లు ప్రకటించాలి. పసిపిల్లల బట్టలకు ఏ వాసనా వేయని రకాన్నే నేను తీసుకుంటాను. ఇక లేబుల్ మీద, లిక్విడ్ పాడవకుండా కలిపే సోడియం బెంజోయేట్ పేరు కనిపించినందుకు వెనక్కి తగ్గనవసరం లేదు, ఇంట్లో కాచిన కుంకుడు రసం వేసవిలో రెండు మూడు రోజులకే పులిసిపోతుంది కదా.

ధర మామూలు పౌడరు కంటే బాగా ఎక్కువే. అయినా అర లీటరు సీసాలే కొంటున్నాను. పెద్ద డబ్బా చవకే గానీ, అది సగానికి వచ్చేసరికి నిమ్మగడ్డి పరిమళం పోయి, మందుల షాపు వాసన లాంటిదేదో మిగులుతోంది.