‘ఎలుకలు దూరని పాలీటన్నెల్’ అని అమ్ముతున్నారు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకు ఇచ్చే చిన్న ప్లాటు) తీసుకుని సొర, బీర, గోంగూర, పచ్చిమిర్చి పండించుకుంటున్న మన వాళ్లందరికీ ఈ హెచ్చరిక. ‘ఎలుకలు దూరని పాలీటన్నెల్, పూర్తి కిట్టు, మేమే వచ్చి బిగిస్తాం, పదేళ్ల హామీ’ అంటూ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన తిరుగుతోంది. పాలీటన్నెల్ అంటే ఇనుప కమానుల మీద పాలిథిన్ కప్పి, లోపల మొక్కలు పెంచుకునే సొరంగం లాంటి పందిరి. నిరుడు మార్చిలో మేము కొన్నది అదే సరుకు. ఏడు వందల పౌండ్ల పైచిలుకు పోసి కొన్నదాంట్లో ఈ రోజుకు పనికొచ్చేవి కొన్ని ఇనుప కమానులు మాత్రమే. అమ్మినవారి పేరు ఇక్కడ రాయను, రాసినా ఉపయోగం లేదు. ఈ మధ్య అవే ఫొటోలతో మరో పేరు మీద అమ్మకానికి పెట్టారు. పేరు కాదు, సరుకును గుర్తుపట్టడం ముఖ్యం.

ముందు జాలీ సంగతి. ప్రకటనలో ‘ఎలుకలను ఆపే గాల్వనైజ్డ్ మెష్’ అని ఉంది. వచ్చింది కోళ్ల దడికి కట్టే ఆరుపలకల సన్న తీగ జాలీ, ఒక్కో కన్ను 25 మిల్లీమీటర్లు. కోడి బయటకు పోకుండా అది ఆపుతుందేమో కానీ ఎలుక లోపలికి రాకుండా ఆపదు. పిల్ల ఎలుక ఆ కంతలోంచి నేరుగా నడిచి వస్తుంది. పెద్దది కాస్త ఒళ్లు ఇరికించుకుని వస్తుంది, కుదరకపోతే కొరుకుతుంది. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దానికి కొరకడం విసుగు పుట్టే పని కాదు. ఎలుకలను ఆపాలంటే 13 మిల్లీమీటర్ల చదరపు గళ్ల వెల్డ్‌మెష్ (తీగలు కలిసే చోటల్లా వెల్డింగు చేసిన జాలీ) కావాలి, తీగ కనీసం ఒక మిల్లీమీటరు మందం, అంటే 19 గేజి ఉండాలి. చిట్టెలుకలు కూడా రాకూడదంటే గళ్లు 6 మిల్లీమీటర్లకు దిగాలి. ఇంకో మాట కూడా అడగండి: జింకు పూత వెల్డింగుకు ముందు వేశారా, తర్వాత వేశారా? ముందు వేస్తే, వెల్డింగు వేడికి అతుకుల దగ్గర పూత పోతుంది. తడి మట్టిలో తుప్పు అక్కడే మొదలవుతుంది.

జాలీ కంటే బిగించిన తీరు ఘోరం. దానిని టన్నెల్ అడుగున చుట్టూ ఉండే చెక్కకు లోపలివైపు స్టేపుల్ పిన్నులతో కొట్టి, నేల మట్టానికి కత్తిరించి వదిలేశారు. మట్టిలోకి అంగుళం కూడా దిగలేదు. బ్రిటన్‌లో తోటల్లో తిరిగే గోధుమరంగు ఎలుక పుట్టుకతోనే కలుగులు తవ్వే జంతువు. గోడ ఎక్కడం కంటే గోడ కింద తవ్వడం దానికి సులువు. నెల తిరగకముందే చెక్క కింద గుండ్రంగా, నున్నగా, పిడికిలి పట్టేంత కన్నం తేలింది. లోపల నానబెట్టి కుండీల్లో పెట్టిన సొర గింజలను ఒక్కొక్కటే తవ్వి తీసి, పప్పు తినేసి, పెంకులు రెండు బద్దలుగా కుండీ అంచు మీదే పెట్టి వెళ్లింది. వంగ నారు జోలికి మాత్రం పోలేదు. రుచి తెలిసిన ఎలుక.

ఫోను చేస్తే వచ్చిన జవాబులు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదట ‘మీ నేల మెత్తటిది’ అన్నారు. మాది బంకమట్టి, పలుగు దిగదు. తర్వాత ‘పక్క ప్లాటులో కంపోస్టు ఉంది’ అన్నారు. అలాట్‌మెంటులో కంపోస్టు లేని ప్లాటు ఎక్కడుంటుంది? చివరికి, మేము రాసిన సమీక్ష తీసేస్తే తదుపరి కొనుగోలులో తగ్గింపు ఇస్తామన్నారు. తదుపరి కొనుగోలట!

కిట్టుతో పాటు ‘ఉచితంగా’ ఇచ్చినవాటితో మరీ జాగ్రత్త. ఒకటి, మనిషి చెవికి వినపడని శబ్దంతో ఎలుకలను తరుముతుందని చెప్పే, సౌరశక్తితో పనిచేసే అల్ట్రాసోనిక్ పెట్టె. దాని పక్కనే ఎలుక రెట్టలు దొరికాయి, అంతకంటే చెప్పేదేమీ లేదు. రెండోది జిగురు అట్టలు. ఇంగ్లండ్‌లో 2024 జూలై 31 నుంచి లైసెన్సు లేకుండా జిగురు అట్టలతో ఎలుకలను పట్టడం నేరం. బిగించడానికి వచ్చిన మనిషి పోతూ పోతూ నీలిరంగు ఎలుకల మందు గింజలు కూడా తోటకూర మడి పక్కన విడిగా పోసి వెళ్లాడు. అలా విడిగా పోయడం మందు లేబులు నిబంధనలకే విరుద్ధం. పైగా భవనాలకు దూరంగా ఉన్న బహిరంగ స్థలాల్లో బ్రోమాడయోలోన్, డైఫెనాకౌమ్ అనే ఎలుకల మందుల వాడకానికి 2024 చివరితో అనుమతి పోయింది. మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబలూ గద్దలూ విషం పాలవుతున్నాయన్నది దానికి కారణం. అమ్మినవాడు ఇంటికి పోతాడు, అలాట్‌మెంట్ కమిటీకి సంజాయిషీ చెప్పుకోవలసింది ప్లాటు పేరున్నవారు.

ఇక పైకప్పు. పాలీటన్నెల్‌కు వేసేది 200 మైక్రాన్ల, అంటే పాలిథిన్ కొలతలో 800 గేజి మందం, ఎండను తట్టుకునేలా యూవీ రక్షణ ఉన్న పాలిథిన్. మాకు వేసింది ఇళ్ల నిర్మాణంలో వాడే మామూలు పారదర్శక పట్టా అని సెప్టెంబరులో తెలిసింది. కమానుల మీదుగా వెళ్లిన చోటల్లా అప్పడంలా పెళుసెక్కి చీలింది. ఇనుప కమాను ఎండకు కాలుతుంది, ఆ వేడి పాలిథిన్‌ను తినేస్తుంది. అందుకే కమాను వీపున నురుగు టేపు అతికించి, దాని మీద కవరు వేస్తారు. మా కిట్టులో ఆ టేపు జాడే లేదు. అసలైన కవరు అయితే తయారీదారు గుర్తు, మందం, హామీ ఏళ్లు అంచు మీదో బిల్లు మీదో ఉంటాయి. ఈ వివరాలేవీ లేని చుట్ట వస్తే విప్పకుండానే తిప్పి పంపండి.

ఈ వసంతంలో తిరిగి కట్టాం. దాని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఎవరైనా ‘ఎలుకలు దూరవు’ అంటే దాని వెనుక ఎంత పని ఉండాలో తెలుస్తుంది. 120 సెంటీమీటర్ల వెడల్పు వెల్డ్‌మెష్ చుట్ట తెచ్చాం. 30 చెక్క మీదకు, 60 నేలలోకి, మిగిలిన 30 కందకం అడుగున బయటివైపుకు మడిచాం. తవ్వుకుంటూ వచ్చే ఎలుకకు ఆ మడత అడ్డం పడుతుంది. బంకమట్టిలో చుట్టూ ఆ లోతు కందకం తీయడం నడుము విరిగే పని, కూలీకి ఇవ్వగలిగితే ఇవ్వండి. జాలీని పిన్నులతో కాక చెక్క పట్టీ అడ్డం పెట్టి స్క్రూలతో బిగించాం. తలుపు కింద రాతి పలకలు పరిచి, తలుపు అడుగు అంచుకు రేకు పట్టీ కొట్టాం. చాలామంది మరిచే చోటు ఇదే. కవరు మాత్రం గాలి లేని వెచ్చటి రోజున వేయాలి, లేకపోతే బిగువు రాదు. ఇంత చేసినా పైనుంచి పాలిథిన్ కొరికి రావడాన్ని ఏ జాలీ ఆపలేదు. అందుకని విత్తనాలు రేకు డబ్బాల్లో పెట్టుకోవడం, చుట్టూ గడ్డి కోసేయడం తప్పదు. ఎలుక తిరిగిన చోట ఆకుకూరలు బాగా కడగండి, చేతి తొడుగులు వేసుకోండి. దాని మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు.

డబ్బు సంగతి. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే క్రెడిట్ కార్డుతోనే కట్టండి, బయానా మాత్రమే కట్టినా సరే. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం అమ్మినవారితో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. మధ్యలో చెల్లింపు యాప్ దూరితే ఆ రక్షణ తెగిపోవచ్చు. బ్యాంకు బదిలీకి తగ్గింపు ఇస్తామన్నారంటే అందుకే అనుకోండి. 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద, చెప్పినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేకపోతే 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు. ఆ గడువు దాటినా, ఆరు నెలల్లోపు బయటపడిన లోపం మొదటి నుంచీ లేదని నిరూపించుకోవలసింది అమ్మినవారే. ఫోనులో వాదించకండి, అన్నీ రాతపూర్వకంగా పంపండి. ఏ దారీ కనిపించకపోతే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వారి వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పండి, వారు వ్యాపార మోసాలను విచారించే ట్రేడింగ్ స్టాండర్డ్స్ శాఖకు చేరవేస్తారు.

మా ఫిర్యాదు ప్రస్తుతం కార్డు కంపెనీ దగ్గర ఉంది. వారు మొదట అడిగినవి ప్రకటన స్క్రీన్‌షాటు, జాలీ కన్ను పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో. కాబట్టి కిట్టు విప్పిన రోజే ఆ ఫొటోలు తీసుకోండి. పాత కవరును చెత్తకు వేసే ముందు ఒక మీటరు ముక్క, మూర జాలీ కత్తిరించి షెడ్డులో దాచి పెట్టండి.