బూట్లు మాత్రం ముందే తొడిగి నడవండి

డిసెంబరులో నేనూ మా తమ్ముడూ ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం ఎక్కి వచ్చాం. ఇద్దరికీ అదే మొదటి హిమాలయ ట్రెక్. మంచు, దేవదారు చెట్లు అన్నీ బాగున్నాయి. కానీ బూట్ల సంగతి ముందు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

తిరుపతిలోనే ఒక షాపులో 3,200 రూపాయలు పెట్టి కొన్నాను. "వాటర్‌ప్రూఫ్ అక్కా, మంచులో తొక్కినా ఏం కాదు" అన్నాడు షాపతను. రెండో రోజు జూడా కా తాలాబ్ అనే చెరువు దాటి పైకి నడుస్తుంటే కుడి బూటు సోలు ముందు వైపు ఊడి నోరు తెరిచింది. అడుగేస్తే చాలు, మంచు లోపలికి పోతోంది. గంటలో వేళ్ళు మొద్దుబారాయి. చాలా భయపడ్డాను. మా గైడు నన్ను రాయి మీద కూర్చోబెట్టి, తడి సాక్సు విప్పించి, కాలు తన చేతుల మధ్య రుద్దాడు. పొడి సాక్సు వేసుకున్నాక దాని మీద లడ్డూ కవరు తొడిగాను. దారిలో తినడానికి తిరుమల నుంచి నాలుగు లడ్డూలు తెచ్చుకున్నాం, ఆ కవరే. బూటు చుట్టూ అతను నైలాను తాడు కట్టి, పైన మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా బూటుకు తొడిగే ఇనుప ముళ్ళ పట్టీ) బిగించాడు. ఆ రబ్బరు పట్టీయే సోలును పట్టి ఉంచింది. 12,500 అడుగుల శిఖరం దాకా అలాగే వెళ్ళాను. ఆ గైడు పిల్లవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. దిగాక మేమిచ్చిన లడ్డూ కళ్ళకద్దుకుని తిన్నాడు.

ప్రయాణం ఇబ్బంది లేకుండా జరిగింది: సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, మరో పది గంటలు జీపులో ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీ.

సాధన అక్టోబరులో మొదలుపెట్టాను. తిరుపతి వాళ్ళకు జిమ్ ఎందుకో నాకు అర్థం కాదు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. మొదటి రోజు గంటా యాభై నిమిషాలు పట్టింది. రెండు నెలలకు గంటా పది నిమిషాలకు వచ్చింది. వీపున బ్యాగులో ఆరు కిలోలు, బియ్యం ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు. అలిపిరిలో సామాను ఉచితంగా పైకి చేరుస్తారు. ట్రెక్‌కు తయారయ్యేవాళ్ళు మాత్రం ఇవ్వకండి, మోయండి. ఆదివారాలు మెట్టు దారిలో ఎక్కి అలిపిరి దారిలో దిగేదాన్ని. ఆ 3,550 మెట్లు దిగితేనే తొడలకూ మోకాళ్ళకూ అసలు పని.

మా తమ్ముడు ఎక్కడం వరకు వచ్చి, దిగడానికి బస్సెక్కేవాడు. శిఖరం నుంచి దిగేటప్పుడు వాడి మోకాళ్ళు పట్టేశాయి. సాంక్రీ చేరేదాకా నాతో మాట్లాడలేదు. వాడి బూట్లు మాత్రం బాగున్నాయి, ఆన్‌లైన్‌లో 4,499కి కొన్నవి.

నేను చేసిన తప్పు ఒకటుంది. స్వామి దారిలో చెప్పులు వేసుకుని నడవడం మా ఇంట్లో లేదు. రెండు నెలలూ ఒట్టి కాళ్ళతోనే ఎక్కాను, బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో వాటితో నాలుగు వారాలు తిరిగి ఉంటే ఆ సోలు ఇక్కడే ఊడేది. మార్చుకునేదాన్ని.

ఎత్తుకు సాధన మాత్రం ఇక్కడ కుదరదు. తిరుమల ఎత్తు మూడు వేల అడుగుల దరిదాపుల్లోనే. 11,000 అడుగుల దగ్గర క్యాంపులో నాకు రాత్రంతా తలనొప్పి. రోజూ పొద్దున, సాయంత్రం మన రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే గైడు ఉన్న బృందంతోనే వెళ్ళండి. ఆ విషయంలో తక్కువ ధర చూడకండి. మాకు మనిషికి 9,500 అయింది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, భోజనం అన్నీ అందులోనే. దళసరి జాకెట్టు సాంక్రీలో ఐదు రోజులకు 600 అద్దెకు దొరికింది, తిరుపతి ఎండలో ఐదు వేల జాకెట్టు కొని ఏం చేస్తాం? థర్మల్స్ (లోపల వేసుకునే వెచ్చటి బట్టలు), ఊలు సాక్సులు మాత్రం సొంతంగా ఉండాలి. కాటన్ బట్టలు వద్దు, చెమటకు తడిస్తే ఆ చలిలో ఆరవు.

వచ్చిన మర్నాడే తాడు కట్టిన బూటు పట్టుకుని ఆ షాపుకు వెళ్ళాను. బిల్లు చూపించాను.

"మంచులోకి ఎవురు పొమ్మన్నారక్కా?" అన్నాడు.

"నువ్వే కదా ఏం కాదన్నావు?"

జవాబు లేదు. ఇంకో కస్టమరు వైపు తిరిగాడు. వాళ్ళు చూస్తున్నది కూడా అదే రకం బూటు. నా బూటు వాళ్ళ ముందు పెట్టి, జరిగింది చెప్పాను. వాళ్ళు కొనకుండా లేచిపోయారు.

నాకు డబ్బు తిరిగి రాలేదు. సంక్రాంతి తర్వాత 5,200 పెట్టి వేరేచోట కొత్తవి తీసుకున్నాను. యూనివర్సిటీ గ్రౌండులో ఇప్పటికి ఎనభై కిలోమీటర్లు నడిచాను. సోలు గట్టిగానే ఉంది.