మా ఏరియా ఫైబర్ నెట్: స్పీడ్ ఓకే, అడ్రస్ దగ్గరే పేచీ

ఆరు నెలలుగా వాడుతున్నాను. స్పీడ్‌కి వంక పెట్టలేను, వానల్లో కూడా ఆగలేదు. కానీ ఇంట్లో సీసీ కెమెరాని ఆఫీసు నుంచి చూద్దామంటే ఎంతకీ ఓపెన్ కాదు. రౌటర్‌తో కుస్తీ పడి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాక తెలిసిందేంటంటే, మాకు సొంత ఐపీ అడ్రసే (నెట్‌లో మన కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబర్) లేదు, ఒకే అడ్రస్‌ని బోలెడు ఇళ్లకు పంచేశారు. అపార్ట్‌మెంట్‌కంతా ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు అన్నమాట. మనం రాసిన ఉత్తరానికి జవాబొస్తే వాచ్‌మన్ గుర్తుపట్టి ఇస్తాడు, ఎవరైనా కొత్తగా వెతుక్కుంటూ వస్తే మాత్రం ఏ ఫ్లాటో ఆయనకి తెలీదు.

తప్పంతా వాళ్లదే అనను. ఈ అడ్రస్‌ల పాత పద్ధతి, 1981 నాటి ఐపీవీ4లో ఉన్నవే దాదాపు 430 కోట్ల నంబర్లు, ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు. దానికి మందు కొత్త పద్ధతి ఐపీవీ6. అడ్రస్ పొడవు 32 బిట్ల (0, 1 అంకెల) బదులు 128, ఇంట్లో బల్బుకొకటి ఇచ్చినా తరగవు. కాకపోతే పాతదీ కొత్తదీ నేరుగా మాట్లాడుకోవు, రెండూ పక్కపక్కనే నడపాలి, బద్ధకమంతా అక్కడే! జియో మొబైల్‌లో ఐపీవీ6 ఎప్పట్నుంచో ఉంది. మా ఫైబర్ వాళ్లకి ఫోన్ చేస్తే "అదేంటి సార్?" అన్నారు, స్టాటిక్ ఐపీకి (మారకుండా మనకే ఉండే అడ్రస్‌కి) విడిగా కట్టమన్నారు.

సినిమాలకైతే తీసుకోండి. కెమెరాలున్నవాళ్లు ఐపీవీ6 ఇస్తారా అని ముందే అడగండి. మూడు స్టార్లు.