ఎరిక్ క్లాప్టన్ తొలి సోలో ఆల్బమ్: మూడు మిక్స్‌లతో ఇన్నేళ్లు

1970 ఆగస్టులో వెలువడిన బ్రిటిష్ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తొలి సోలో ఆల్బమ్‌కు ఆయన పేరునే పెట్టారు. అప్పుడు విడుదలైనది అట్లాంటిక్ రికార్డుల సంస్థ సౌండ్ ఇంజనీరు టామ్ డౌడ్ చేసిన మిక్స్, అంటే విడివిడిగా రికార్డు చేసిన గాత్రాన్నీ వాద్యాలనూ తగిన పాళ్లలో కలిపిన రూపం. నిర్మాత డెలానీ బ్రామ్లెట్ చేసిన మిక్స్ 2006లో రెండు సీడీల సంచికలో వచ్చింది. క్లాప్టన్ స్వయంగా చేసుకున్న మిక్స్ 2021లో నాలుగు సీడీల సంచికలో చేరింది. మొదటి సంచికను పదేళ్లకు పైగా, రెండవదాన్ని వచ్చినప్పటి నుంచీ వింటున్నాను.

ఒకే ఆల్బమ్‌కు ఇన్ని మిక్స్‌లు ఎందుకన్న సందేహం నాకూ ఉండేది. 1969లో క్లాప్టన్ అప్పటి బృందం బ్లైండ్ ఫెయిత్ అమెరికా పర్యటనలో డెలానీ, బోనీ దంపతుల బృందం ముందుగా వేదికెక్కేది. వారి సంగీతానికి ఆకర్షితుడైన క్లాప్టన్‌ను ముందుకు వచ్చి పాడమని ప్రోత్సహించినవాడు డెలానీయే. ఈ ఆల్బమ్‌లో ఆర్గన్ వాయించిన బాబీ విట్లాక్, బేస్ గిటార్ కార్ల్ రాడిల్, డ్రమ్స్ జిమ్ గోర్డన్, శాక్సోఫోన్ బాబీ కీస్, ట్రంపెట్ జిమ్ ప్రైస్ అందరూ ఆ బృందంతో కలిసి వాయించినవారే. కాబట్టి ఇది ఒక గిటారిస్టు ఆల్బమా, ఒక బృందం ఆల్బమా అన్నది మిక్స్ చేసేవారే తేల్చవలసిన విషయమైంది.

ఆ తేడా అన్నిటికంటె స్పష్టంగా తెలిసేది జె.జె. కేల్ రాసిన 'ఆఫ్టర్ మిడ్‌నైట్'లో. డౌడ్ మిక్స్‌లో గిటారూ డ్రమ్సూ పాటను పరుగెత్తిస్తాయి. డెలానీ మిక్స్‌లో ట్రంపెట్, శాక్సోఫోన్ ముందుకు వచ్చి గాత్రానికి బదులు పలుకుతాయి. మొదటి రెండు మూడేళ్లు ఆ బూరాలు పాటకు అడ్డుపడుతున్నాయనే అనుకున్నాను, ఎందుకంటే చెవికి డౌడ్ మిక్సే అలవాటై ఉంది. ఇప్పుడు అవి లేకుండా వింటే పాటలో ఎవరో లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది.

'లెట్ ఇట్ రెయిన్' విషయంలో మాత్రం నేను డౌడ్ పక్షమే. అంతకు ముందు క్రీమ్ అనే రాక్ బృందంలో ఉన్న రోజుల్లో క్లాప్టన్ గిబ్సన్ గిటార్లపై పలికించిన బరువైన నాదాన్ని వదిలి, ఇక్కడ ఆల్బమ్ అట్టపై కనిపించే స్ట్రాటోకాస్టర్ గిటారుతో సన్నని, మెరుపున్న నాదాన్ని ఎంచుకున్నాడు. చివర సాగే సోలోలో ఆ మెరుపు మసకబారకూడదు. క్రీమ్ ఆల్బమ్‌లకు ఇంజనీరుగా పనిచేసిన డౌడ్‌కు ఆ గిటారును ఎక్కడ నిలపాలో బాగా తెలుసుననిపిస్తుంది.

క్లాప్టన్ సొంత మిక్స్‌పై అభిప్రాయం ఏర్పడడానికి నాకు చాలాకాలం పట్టింది. దానిని ఆనందం కోసం వినే సందర్భాలు తక్కువే, కానీ తన గొంతునూ గిటారునూ ఆయన ఏ పాళ్లలో ఊహించుకున్నాడో తెలుసుకోవడానికి ఇంతకంటె నమ్మదగిన ఆధారం లేదు.

పోల్చి వినదలచినవారు మూడింటి శబ్దస్థాయినీ ముందు సమానం చేసుకోవాలి, లేకపోతే గట్టిగా వినిపించేదే మెరుగైనదని చెవి పొరబడుతుంది. నేను ఆ పొరపాటు చేసి, డెలానీ మిక్స్‌ను చాలాకాలం తక్కువగా అంచనా వేశాను. పాటల కోసం కొనేవారికి 2006 సంచిక సరిపోతుంది. మిక్సింగ్ నేర్చుకుంటున్నవారు, ఈ ఆల్బమ్‌ను నాలా ప్రేమించేవారు నాలుగు సీడీల సంచికనే కొనాలి.