ఎపాక్సీ రెజిన్: బుడమేరు నీళ్లలో ఒక బల్ల, డాబా ఎండలో ఒక బల్ల

మాది విజయవాడ సింగ్‌నగర్. 2019 జనవరిలో ఒకే వేపమాను చెక్కతో రెండు బల్లలు చేయించాను. చెక్క కోసి చదును చేసింది ఆటోనగర్‌లో పని చేసే వడ్రంగి బాబాయి. దాని మీద ఎపాక్సీ పోత మాత్రం నేనే పోసుకున్నాను. రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి పోస్తే గట్టిపడి గాజులా మెరిసే పొర అది. రెండింటికీ ఒకే కిట్, ఒకే రోజు. ఒకటి కింద ముందుగదిలో అమ్మ కుట్టుమిషను పక్కన వేశాం, రెండోది డాబా మీద వేశాం. ఇవాళ ఆ రెండూ పక్కపక్కన పెడితే ఒకే చెట్టువని ఎవరూ నమ్మరు.

ముందు కింది బల్ల సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. మేమంతా డాబా ఎక్కేశాం. ఇంట్లో నీళ్లు నడుము దాటి, రోజుల తరబడి కదల్లేదు. నీళ్లు తీశాక చూస్తే ప్లైవుడ్ షెల్ఫులు పొరలు పొరలుగా విచ్చుకుపోయాయి, తలుపులు ఉబ్బి బిగుసుకున్నాయి. ఇనుప కాళ్ల మీద నిలబడ్డ ఈ బల్ల మాత్రం బురద కడిగేసరికి పాత మెరుపుతోనే బయటపడింది. పైనా కిందా అంచులకూ అన్ని వైపులా రెజిన్ పట్టించడమే దాన్ని కాపాడింది. దెబ్బ తిన్నది ఒక్కచోటే. కాళ్లు బిగించడానికి తర్వాత కొట్టిన స్క్రూ రంధ్రాల్లోంచి నీరు దిగి, అక్కడ చెక్క ఉబ్బి, పోత కింద తెల్లమచ్చలు వచ్చాయి. రంధ్రం పెడితే దాని లోపల కూడా రెజిన్ పట్టించాలని ఆ రోజు తెలిసింది.

నీటికి ఇంత గట్టిగా ఎలా నిలబడిందంటే, ఎపాక్సీ పెయింటులాగా ఆరేది కాదు. రెజిన్, హార్డెనర్ కలిపితే ఆ రెండూ రసాయనికంగా ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆవిరైపోయే ద్రావకం పెద్దగా ఉండదు కాబట్టి కుంచించుకుపోవడం తక్కువ, చెక్కనూ ఇనుమునూ కాంక్రీటునూ పట్టుకునే పట్టు ఎక్కువ. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ఆరల్‌డైట్ ట్యూబులో ఉన్నదీ, ఎం-సీల్ ముద్దలో ఉన్నదీ, ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డులో గాజునారను పట్టి ఉంచేదీ ఈ కుటుంబమే.

ఇక డాబా బల్ల. మొదటి వేసవి అయ్యేసరికే గాజులా ఉన్న పోత ఆముదం రంగుకి తిరిగింది. దుమ్మనుకుని రుద్దాను, పోలేదు. అసలు కారణం తులసి కుండీ జరిపినప్పుడు కనిపించింది. కుండీ అడుగున ఉన్న గుండ్రటి భాగం పోసిన రోజు ఎలా ఉందో అలాగే తేటగా ఉంది, చుట్టూ పసుపు. రెండుచోట్లకీ పెద్ద తేడా వెలుతురే. మామూలుగా దొరికే రెజిన్ బిస్‌ఫినాల్-ఏ అనే రసాయనం నుంచి తయారవుతుంది. అందులోని బెంజీన్ వలయాలు (ఆరు కార్బన్ అణువుల ఉంగరాలు) ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలను పీల్చుకుంటాయి. దాంతో బంధాలు తెగి, ఆక్సిజన్ తోడై, ముందు పసుపు పుడుతుంది. తర్వాత మెరుపు పోతుంది, ఆ తర్వాత పై పొర పొడి పొడిగా లేస్తుంది. మూడో ఏడు బల్ల మీద చెయ్యి పెడితే సున్నపు గోడ తాకినట్టు అరచేతికి తెల్లగా అంటింది. ఆరుబయట వాడే కరెంటు ఇన్సులేటర్లకు ఆ వలయాలు లేని సైక్లోఆలిఫాటిక్ ఎపాక్సీ వాడతారంటే కారణం ఇదే.

అదే కుండీ అంచు పోతలోకి కొద్దిగా దిగి ముద్ర కూడా పడింది. గది వేడిలో గట్టిపడే ఈ రకాలు సుమారు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. మన రోహిణీ కార్తె మధ్యాహ్నం ముదురు రంగు బల్లకి అంత వేడి ఎక్కడం కష్టమేమీ కాదు. కింది బల్ల మీద కూడా అమ్మ ఒకసారి పొయ్యి మీది గిన్నె తెచ్చి పెడితే గిన్నె అడుగు మచ్చ ఉండిపోయింది. "గాజులా ఉంది కదరా, గాజే అనుకున్నాను" అంది. చూపులకి అలాగే ఉంటుంది, అందుకే ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి.

కొన్న షాపులో "యూవీ రెసిస్టెంట్ అండీ, ఏం కాదు" అన్నారు. ఆ మాట నమ్మి తర్వాత ఇంకో రకం తెచ్చి, రెండు చిన్న బిళ్లలు పోసి, ఒకటి బీరువాలో, ఒకటి పిట్టగోడ మీద పెట్టాను. పిట్టగోడ మీది బిళ్ల మొదటి రకం కంటే నెమ్మదిగా పసుపెక్కింది, అంతే. అందులో కలిపే మందులు మార్పును ఆలస్యం చేస్తాయి తప్ప ఆపలేవు. డబ్బా మీద ఆ మాట చూసి ఎండలో పెట్టే పనికి ధైర్యం చేయవద్దు.

నిజంగా పని చేసింది పైన వేసిన వేరే కోటు. 2021 నవంబరులో పొడి లేచిన పొరను 220 నంబరు శాండ్ పేపరుతో, తర్వాత 320తో రుద్దాను. పై పొర పోగానే పసుపు చాలావరకు పోయింది. రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. రుద్దిన బల్ల మీద రెండు కోట్లు ఆలిఫాటిక్ పీయూ క్లియర్, అంటే బెంజీన్ వలయాలు లేని పాలీయురెథేన్ పారదర్శక పూత, కొట్టాను. 2024 మొదట్లో ఇంకో కోటు పడింది. అప్పటి నుంచి పొడి రాలలేదు, రంగు తేడా కూడా కష్టం మీద కనిపిస్తుంది. "పీయూ" అని మాత్రమే అడిగితే ఆ వలయాలున్న ఆరోమాటిక్ రకం కూడా ఇస్తారు, అదీ పసుపెక్కుతుంది. ఆలిఫాటిక్ అని గట్టిగా అడిగి తీసుకోండి.

కలిపేటప్పుడు మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. కలిపాక పోయడానికి వీలుండే సమయమని డబ్బా మీద రాసేది 25 డిగ్రీలకు. పది డిగ్రీలు పెరిగితే అది దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో మగ్గులో ఎక్కువ కలిపి ఉంచితే, రెండూ ముడిపడేటప్పుడు పుట్టే వేడికి ఇంకా వేడెక్కి పొగలు వస్తాయి. నాకు ఒకసారి మగ్గే వంకరపోయింది. కొంచెం కొంచెం కలిపి, వెడల్పు ట్రేలోకి వెంటనే వంచేయాలి. వానాకాలంలో తేమకు పైన జిడ్డు పొర కడుతుంది, దాన్ని నీళ్లతో కడగకుండా రెండో పోత పోస్తే పట్టదు. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుందనేది పెద్ద పొరపాటు. ఎన్నాళ్లైనా జిగురుగానే ఉండిపోతుంది. చిన్న ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, డబ్బా మీది నిష్పత్తి ప్రకారం తూచి కలపండి. నైట్రైల్ గ్లౌజులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. మొదట్లో నేను వట్టి చేతులతో చేసి, మణికట్టు దగ్గర దద్దురు తెచ్చుకున్నాను. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా మళ్లీ వస్తోంది.

ఇంటి లోపలి బల్లలు, గచ్చు పగుళ్లు, కారు షెడ్డు నేల, తడి తగిలే చెక్క, వీటికి నేను మళ్లీ ఇదే వాడతాను. ఎండ నేరుగా పడే పనికైతే పీయూ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకుని, రెండు మూడేళ్లకోసారి రుద్ది కొట్టే ఓపిక ఉంటేనే మొదలుపెడతాను. పోయినేడు గుంటూరులో బావగారు గేటుకి రెజిన్ పేరుపలక చేసిపెట్టమన్నారు. "గేటుకి వద్దు బావా, వరండా లోపలి గోడకి బిగిద్దాం" అన్నాను. పీయూ కొట్టి అక్కడే బిగించాం. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను, అక్షరాలు పోసిన రోజులాగే తెల్లగా ఉన్నాయి.