రాగి మీద రంగులు: తెప్పించడం తేలికే, నిలబెట్టడమే తంటా

రాగి రేకు మీద ఇంట్లోనే కెమికల్స్‌తో రంగులు తెప్పించడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది కాబట్టి, ఏది నిలిచిందో ఏది రాలిపోయిందో ఇప్పుడు ధైర్యంగానే చెప్పగలను.

నాకు బాగా నచ్చింది అమ్మోనియా ఆవిరి పద్ధతి. రేకును శాండ్‌పేపర్‌తో రుద్ది, జిడ్డు పోయేదాకా కడిగి (వేలిముద్ర పడినా అక్కడ రంగు పట్టదు), ఉప్పునీళ్లు సన్నగా స్ప్రే చేసి, అడుగున అమ్మోనియా గిన్నె పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ద్రవం తగలకుండా నిలబెట్టి మూత బిగించేయడమే. మర్నాటికి ఉప్పు చుక్క పడ్డచోటల్లా ముదురు నీలం, అంచుల్లో ఆకుపచ్చ, పడనిచోట గోధుమ రంగు. ఏ రెండు రేకులూ ఒకలా రావు. తడి మీద కనిపించే నీలం చూసి మురిసిపోకండి, ఆరాక బాగా పాలిపోతుంది. డబ్బా ఆరుబయటే తెరవాలి, బ్లీచ్ దాని దరిదాపుల్లో కూడా ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువే.

వెనిగర్, ఉప్పుతో తడిపిన రంపపుపొట్టు కప్పి ఉంచితే ఘాటు గొడవ తక్కువ, మచ్చలు మచ్చలుగా పచ్చదనం వస్తుంది. కానీ ఆ చిలుము ముగ్గుపిండిలా వేలికి అంటుకుని వచ్చేస్తుంది. 1886లో నిలబెట్టిన లిబర్టీ విగ్రహం పూర్తిగా పచ్చబడటానికి దశాబ్దాలు పట్టింది, అది గట్టిగా పట్టుకున్న సల్ఫేట్ పొర. మనం రాత్రికి రాత్రి తెప్పించే అసిటేట్, క్లోరైడ్ పొరలకు అంత పట్టు ఎక్కడిది!

గట్టిగా నిలిచేది లివర్ ఆఫ్ సల్ఫరే (పొటాషియం, గంధకం కలిసిన గడ్డల్లాంటి రసాయనం), కుళ్లిన గుడ్డు కంపు భరించగలిగితే. గోరువెచ్చటి నీళ్లలో బాగా పలుచగా కలిపి ముంచితే బంగారు రంగు, గులాబీ, ఊదా, నీలం వరసగా వచ్చి చివరికి నల్లబడుతుంది, నచ్చిన రంగు రాగానే తీసి వంటసోడా కలిపిన చన్నీళ్లలో వేసేయాలి. అయితే ఆ మధ్య రంగులు లాకర్ (రంగు కాపాడటానికి పైన కొట్టే పారదర్శకమైన పూత) కింద కూడా నెలలు గడిచేకొద్దీ ముదురుతాయి, గోధుమ, నలుపు మాత్రం చెక్కుచెదరవు. గడ్డలు వెలుతురు, గాలి తగలకుండా దాచకపోతే తెల్లబడి పనికిరాకుండా పోతాయి.

చివర్లో కొట్టే లాకర్ దగ్గరే అసలు టెన్షన్. మందంగా కొడితే నీలం తడిసినట్టు ముదిరిపోతుంది, రంగు పలుచగా పట్టిన చోట అసలు కనబడదు. మ్యాట్ రకం తీసుకుని, దూరం నుంచి పలుచగా, ఒక పూత బాగా ఆరాకే ఇంకో పూత వేస్తే కొంత నయం. మైనం గోధుమ రంగు మీద బాగుంటుంది, నీలం మీద వద్దు. ఇక తిండికీ నీళ్లకీ వాడే గిన్నెల జోలికి వెళ్లకండి, ఏ పూత వేసినా సరే.