కోఠిలో ఆడియో ఇంటర్‌ఫేస్ కొనేవాళ్లు జాగ్రత్త: 48వీ లైటు వెలిగిందని నమ్మొద్దు

కోఠిలో రికార్డింగ్ సామాన్లు కొనేవాళ్లకు ఈ షాపు తెలిసే ఉంటుంది, పేరు రాయను. నేను ఇంట్లోనే వాయిస్ ఓవర్లు చేస్తాను. నా కండెన్సర్ మైక్ కోసం ఈమధ్యే వాళ్ల దగ్గర యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పరికరం) తీసుకున్నాను. కండెన్సర్ మైక్ పనిచేయాలంటే దాన్నుంచి 48 వోల్టుల కరెంటు అందాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. 48వీ బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. మైకు సౌండ్ పెంచే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పినా మీటరు మాత్రం మైనస్ 40 డీబీ (డెసిబెల్) దాటదు, సున్నాకి ఎంత దగ్గరైతే సౌండ్ అంత ఎక్కువన్నమాట. ఎడిటింగ్‌లో వాల్యూం పెంచితే నా మాటకన్నా బుస్సుమనే చప్పుడే ఎక్కువ.

డ్రైవర్ మళ్లీ వేశాను, విండోస్‌లో ఇన్‌పుట్ లెవెల్ చూశాను, హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టాను, కేబుల్ మార్చాను. ఏం లాభం లేదు. షాపుకి పట్టుకెళ్లాను.

కౌంటర్‌లో ఆయన డబ్బా తెరిచి కూడా చూడలేదు. అందరి ముందూ "మీ గొంతే చిన్నది మేడమ్, కొంచెం గట్టిగా చదవండి" అన్నాడు. గొంతు మీద బతికేదాన్ని పట్టుకుని అనే మాటా అది? ఒళ్లు మండిపోయింది. ఇక్కడే పెట్టి చూపించమని గట్టిగా అడిగాను. అప్పుడు ర్యాక్‌లోంచి మైకుకి విడిగా 48 వోల్టులు ఇచ్చే ఒక ఫాంటమ్ పవర్ అడాప్టర్ తీసి నా ముందు పెట్టి, "ఇది తీసుకోండి, సెట్టయిపోతుంది" అన్నాడు. గొంతు చిన్నదైతే దానికి ఫాంటమ్ అడాప్టర్ ఎందుకు? ఆ పీసులో కరెంటు సరిగా రావట్లేదని ఆయనకు తెలుసు. తెలిసే అమ్మాడు, పైగా దాని మందు కూడా నాకే అమ్మబోయాడు.

మా వీధిలో టీవీలు బాగుచేసే అన్నతో మల్టీమీటర్ పెట్టించాను. మైకు కేబుల్ పెట్టే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో ఒకటో పిన్నుకీ రెండో పిన్నుకీ మధ్య 48 వోల్టులు రావాలి, ఒకటికీ మూడుకీ మధ్య కూడా అంతే. 44 నుంచి 52 దాకా పర్వాలేదు. నా దాంట్లో రెండుచోట్లా 13. అదే మైకు, అదే కేబుల్ ఫ్రెండ్ ఇంటర్‌ఫేస్‌కి పెడితే సగం గెయిన్‌కే మైనస్ 12 దగ్గర ఆడింది.

డబ్బు అడిగితే "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. బిల్లు మీద అలాంటి షరతూ లేదు, గడువూ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అలాంటప్పుడు లోపమున్న వస్తువును 30 రోజుల లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. వదిలిపెట్టను.

మీరు కొనేటప్పుడు మీ మైకూ, లాప్‌టాపూ తీసుకెళ్లి కౌంటర్ మీదే రికార్డ్ చేసి చూడండి, కుదిరితే మీటరు పెట్టించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, డైనమిక్ మైకులనే ఇంకో రకానికి 48వీతో పనిలేదు. అలాంటి మైకే అయిన షూర్ ఎస్‌ఎం7బీకి దాదాపు 60 డీబీ గెయిన్ కావాలి, అంత ఇవ్వలేని ఇంటర్‌ఫేస్‌లో సౌండ్ తక్కువ రావడం లోపం కాదు. టెస్ట్ చేయనివ్వని షాపులో మాత్రం కొనకండి.